నీటిదారి తప్పిన ఇంజిన్లు

గోదావరి మీద ఇంజిన్ పడవ చరిత్ర చెప్పమంటే ఎవరైనా వేగంతోనే మొదలుపెడతారు. గెడ వేసి, తెరచాప ఎత్తి, గట్టు మీద తాడు పట్టి లాగిన రోజులు పోయి పొగగొట్టం పడవ వచ్చిందనీ, తర్వాత డీజిల్ లాంచీ వచ్చిందనీ, రోజుల ప్రయాణం పూటల్లోకి దిగిందనీ చెబుతారు. అందులో అబద్ధం లేదు గానీ కథ సగమే ఉంది. ఈ డెల్టాలో ఏ ఇంజిన్ నిలబడాలో, ఏది మూలపడాలో తేల్చడంలో ఇంజిన్ పుట్టించే శక్తి కంటే దాన్ని చల్లబరిచే నీటికే పెద్ద పాత్ర ఉంది. వానాకాలం ఒండ్రు నీరు, వేసవిలో పోటుతో ఎగదన్నే ఉప్పు నీరు, గుర్రపుడెక్క కమ్మిన కాలువ నీరు, ఇనప డబ్బాలో మూతపెట్టిన కూలెంట్ నీరు: వీటి వరసలోనే ఇక్కడి ఇంజిన్ చరిత్ర నడిచింది. కూలెంట్ మార్చి బయల్దేరిన మరపడవ ఇంజిన్ నడి సముద్రంలో వేడెక్కిపోతే అది ఈనాటి చిక్కులా కనిపిస్తుంది. దాన్ని విప్పే పద్ధతి మాత్రం ఈ నేల చాలాకాలంగా నేర్చుకుంటూ వచ్చిందే.

ముందు వేడి లెక్క చూడాలి. డీజిల్ ఇంజిన్‌లో కాలిన ఇంధనపు శక్తిలో స్థూలంగా మూడో వంతు పడవ పంకా తిప్పడానికి పనికొస్తుంది. మరో మూడో వంతు పొగతో పాటు పోతుంది. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం సిలిండర్ల చుట్టూ తిరిగే నీటిలోకి దిగుతుంది. 100 హార్స్‌పవర్ ఇంజిన్ నిండు భారంతో నడుస్తుంటే, పదులకొద్దీ కిలోవాట్ల వేడిని ఆ నీరు క్షణం ఆగకుండా మోసుకుపోవాలన్నమాట. లారీకి ఎదురుగాలి ఉంది, రేడియేటర్ ఉంది. పడవ ఇంజిన్ గాలి ఆడని అరలో కూర్చుంటుంది. దానికున్న అండ చుట్టూ ఉన్న నీరే. అంత నీటి మధ్య తేలే యంత్రానికి చల్లదనం కరువేమిటని అనిపించవచ్చు. నీరు ఉండటం వేరు, అది సరైన దారిలో, సరైన వేగంతో, మలినం లేకుండా కదలడం వేరు. డెల్టా రైతుకు ఈ తేడా ఒకరు చెప్పనక్కర్లేదు. హెడ్ స్లూయిజ్ దగ్గర నిండుగా పారిన కాలువ శివారు చేనుకు అందకపోవడం అతను ఏటా చూస్తున్నదే.

ఆ కాలువలతోనే ఈ చరిత్ర మొదలవుతుంది. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టను మనం సాగునీటి కట్టడంగానే గుర్తుపెట్టుకున్నాం. కాటన్ దృష్టిలో అది రవాణాకు కూడా అంతే ముఖ్యం. రైళ్ల మీద పెట్టే డబ్బు జలమార్గాల మీద పెడితే దేశానికి ఎక్కువ మేలు జరుగుతుందని ఆయన జీవితాంతం వాదించాడు. డెల్టా కాలువలకు లాకులు కట్టింది అందుకే. ఆ దారిన ధాన్యం, కొబ్బరి, పొగాకు కాకినాడ రేవు దాకా వెళ్లాయి. కాకినాడ కాలువ, ఏలూరు కాలువ, కొమ్మమూరు కాలువ, బకింగ్‌హామ్ కాలువ ఒకదానికొకటి కలిసి మద్రాసు వరకు నీటిబాట వేశాయి. ఆనకట్ట పనులతో పాటే ధవళేశ్వరంలో వర్క్‌షాపు ఏర్పడింది. ఇనుము కరిగించడం, తలుపులు పోతపోయడం, యంత్రం విప్పి బిగించడం తెలిసిన పనివాళ్లు ఈ ప్రాంతంలో తయారవడానికి అలాంటి చోట్లే మూలం. ఆనకట్టకు ఎగువన కాటన్ ఆశ ఇంకా పెద్దది. గోదావరి మీదుగా మధ్య భారతపు పత్తి నేలల దాకా ఆవిరి పడవలు నడపాలన్నది ఆయన తలంపు. దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, లాకు ఆ పథకంలో భాగంగా కట్టినవే. వేసవిలో నీరు చాలని నది, బండరాళ్ల అడ్డంకులు, పెరిగిపోయిన ఖర్చు కలిసి 1871లో ఆ పనులను ఆపించాయి. పడవకు ఇంజిన్ పెట్టడం కష్టం కాలేదు, దానికి ఏడాది పొడవునా నీరు చూపించడం కష్టమైంది.

ఆవిరి యంత్రానికి నీటితో ఉన్న పేచీ మరొకటుంది. దానికి నీరే ఆహారం. బాయిలర్‌లోకి పంపిన నీటిలో బురద ఉంటే అడుగున పేరుకుంటుంది, సున్నం ఉంటే గోడలకు పెచ్చు కడుతుంది. పెచ్చు కట్టిన చోట ఇనుము వేడిని నీటికి అందించలేక తానే కాలిపోతుంది. ఎర్రనీరు వచ్చే నెలల్లో గోదావరి నీటిని తిన్నగా బాయిలర్‌కు పట్టించడం అంటే యంత్రం ఆయుష్షు తగ్గించుకోవడమే. అందుకని బాయిలర్ అడుగు నీటిని తరచూ వదిలేయాలి, తరచూ ఆపి కడగాలి. గోదావరి నీటిని నమ్మి యంత్రం నడిపినవాళ్లు నేర్చుకోక తప్పని మొదటి పాఠం ఇదే: వేడి ఎక్కువైందంటే నిప్పును తిట్టేముందు నీరు చూడాలి.

డీజిల్ ఇంజిన్ కూడా పడవ మీదికి సముద్రంలో ఎక్కలేదు. రుడాల్ఫ్ డీజిల్ తన ఇంజిన్‌ను జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో 1897లో నిలబెట్టాడు. 1903లో అది పడవలకు వచ్చినప్పుడు ఒకటి ఫ్రాన్స్‌లో కాలువ పడవ, మరొకటి రష్యాలో వోల్గా నది మీద నడిచిన చమురు ఓడ. డీజిల్‌తో మహాసముద్రాలు దాటిన పెద్ద ఓడ సెలాండియా 1912లో గానీ రాలేదు. నదులు, కాలువలే ఈ యంత్రానికి బడి. మన దగ్గర అది ముందు గట్టు మీదికి వచ్చింది. రైస్ మిల్లుల్లో, చేలగట్ల మీద ఆయిల్ ఇంజిన్లు కూర్చున్నాయి. 1946లో పుణేలో మొదలైన కిర్లోస్కర్ ఆయిల్ ఇంజిన్స్ లాంటి సంస్థలు వాటిని పల్లెల దాకా తెచ్చాయి. మిల్లు ఇంజిన్ పక్కన పెద్ద నీళ్ల తొట్టి ఉండేది. వేడినీరు పైకెక్కి తొట్టిలో పడి, చల్లనిది కిందినుంచి ఇంజిన్‌లోకి వచ్చేది. పొలం పంపుసెట్టులోనైతే పంపు తోడిన నీటిలోంచే ఒక సన్నని గొట్టం ఇంజిన్‌కు వెళ్లేది. దాని చుట్టూ తిరిగిన నీరు వెచ్చగా బయట పడేది. ఆ ధార కింద చెయ్యి పెడితే చాలు, ఇంజిన్ బాగోగులు తెలిసిపోయేవి. ధార సన్నబడిందంటే ఎక్కడో అడ్డం పడింది. ధార ఆగిందంటే ఇంజిన్ ఆపాలి. చదువు లేకపోయినా అర్థమయ్యే థర్మామీటర్ అది.

గోదావరి లాంచీలకు అదే పద్ధతి సరిపోయింది. 1900లో హేవలాక్ వంతెన మీద రైలు దాటడంతో, తర్వాత రోడ్లు పెరగడంతో, 1974లో రాజమండ్రి రోడ్డు కమ్ రైలు వంతెన రావడంతో సరుకు రవాణా నీటిమీంచి నేలమీదికి మళ్లిపోయింది. అయినా వంతెన లేని చోట ఇంజిన్ పడవ మిగిలింది. రాజమండ్రి నుంచి పాపికొండల మీదుగా భద్రాచలం వైపు వెళ్లిన లాంచీలు, లంక గ్రామాల రేవులు, నర్సాపురం సఖినేటిపల్లి మధ్య బళ్లను కూడా ఎక్కించుకునే పంటు దీనికి ఉదాహరణలు. 1973లో వచ్చిన బాపు సినిమా అందాల రాముడు కథంతా భద్రాచలం వెళ్లే పడవ మీదే నడిచింది. ఆనాటి తెలుగు ప్రేక్షకుడికి ఆ ప్రయాణం అంత తెలిసిన సంగతి. ఈ పడవల ఇంజిన్లలో చాలావాటికి నదినీరే చల్లదనం. అడుగున రంధ్రంలోంచి నీరు లోపలికి వచ్చి, ఇంజిన్ చుట్టూ తిరిగి, పక్కనున్న గొట్టంలోంచి బయటికి చిమ్మేది. సరంగు ముందు చూపు దారి మీద పెట్టినా, వెనక డ్రైవరు చెవి ఇంజిన్ చప్పుడు మీదా కన్ను ఆ ధార మీదా ఉండేవి.

ఒకే నది, ఒకే పడవ అయినా నీరు ఒకటి కాదు. ఆనకట్టకు ఎగువన తియ్యనీరు, జూలై ఆగస్టుల్లో ఒండ్రుతో చిక్కబడ్డ నీరు. ఇసుక రేణువులు పంపు రెక్కలను అరగదీస్తాయి, ఒండ్రు ఇంజిన్ లోపలి మూలల్లో పేరుకుని నీటిదారిని సన్నం చేస్తుంది. ఆనకట్టకు దిగువన, యానాం భైరవపాలెం వైపు వెళితే పోటు వేళ సముద్రం లోపలికి వస్తుంది, వేసవిలో నీరు ఉప్పగా మారుతుంది. ఉప్పునీటిని 60 డిగ్రీల సెంటీగ్రేడ్ దాటి వేడిచేస్తే అందులోని లవణాలు ఇనుముకు పెచ్చుగా అంటుకుంటాయి. అందుకే సముద్రపు నీటితో తిన్నగా చల్లబడే ఇంజిన్లను 50, 55 డిగ్రీల దగ్గరే ఉంచుతారు. కాలువల్లో గుర్రపుడెక్క వేళ్లు, ఈమధ్య కాలంలో ప్లాస్టిక్ సంచులు అడుగు రంధ్రాన్ని మూసేస్తాయి. ఇన్ని రకాల నీళ్ల మధ్య పనిచేసిన మెకానిక్ వేడెక్కిన ఇంజిన్‌ను చూడగానే స్పానర్ తీయడు. నీరు లోపలికి వస్తోందా, వచ్చింది కదులుతోందా, కదిలింది బయటికి పోతోందా అని వరసగా చూస్తాడు. ఈ వరసను నేను గోదావరి డెల్టా ఇచ్చిన సాంకేతిక విద్యగా లెక్కిస్తాను. దీని విలువకు తగిన గౌరవం ఇంకా దొరకలేదు.

సముద్రం మీద మార్పు వేరే దారిన వచ్చింది. 1953లో కేరళలో ఇండో నార్వేజియన్ మత్స్య ప్రాజెక్టు మొదలైంది. అదే దశాబ్దంలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ నౌకాశిల్పులు మన తీరాలకు చిన్న మరపడవల నమూనాలు గీశారు. ఆంధ్ర తీరంలో పాబ్లో, రొయ్య, సొర్ర, సోనా అని పిలిచే పడవల వరస ఆ తర్వాత స్థిరపడింది. కాకినాడ కుంభాభిషేకం రేవు వాటికి పెద్ద ఠికానా అయింది. 1979లో మద్రాసు కేంద్రంగా చిన్న మత్స్యకారుల కోసం మొదలైన బంగాళాఖాత కార్యక్రమం ఒడ్డున ఇసుక మీదికే లాగుకునే చిన్న పడవలను కూడా ప్రయత్నించింది. అలల్లో ఇసుక కలిసిన నీటిని లోపలికి పీల్చే ఇంజిన్ ఎన్నాళ్లు మన్నుతుందన్న ప్రశ్న ఇలాంటి పడవలతో విడదీయరానిది. గాలితో చల్లబడే చిన్న డీజిల్ ఇంజిన్లు తీరంలో చోటు సంపాదించుకోవడానికి అది ఒక బలమైన కారణం. పెద్ద పడవలకు మాత్రం లారీ ఇంజిన్ వంశం వచ్చింది. అశోక్ లేలాండ్ లాంటి కంపెనీల రోడ్డు ఇంజిన్లనే పడవకు తగ్గట్టు మార్చారు. రేడియేటర్ ఉన్నచోట హీట్ ఎక్స్ఛేంజర్ వచ్చింది, లేదా పడవ అడుగున నీటిలో మునిగి ఉండే పైపులు వచ్చాయి. ఇంజిన్ చుట్టూ తిరిగే నీరు ఇక సముద్రానిది కాదు. మూసిన దారిలో కూలెంట్ కలిపిన మంచినీరు తిరుగుతుంది. ఆ వేడిని అందుకుని పోయే ఉప్పునీరు వేరే దారిలో నడుస్తుంది. దీంతో ఇంజిన్ 80 డిగ్రీల పైన హాయిగా నడవగలిగింది, ఇంధనం ఆదా అయింది, లోపల తుప్పు తగ్గింది. ఇది నిజమైన మెరుగుదలే.

దీనికి చెల్లించిన వెల ఒకటుంది. నీరు కంటికి కనబడకుండా పోయింది. బయటికి చిమ్మే ధార ఇప్పుడు ఉప్పునీటి దారి సంగతి మాత్రమే చెబుతుంది. అసలు వేడి పుట్టేచోట తిరిగే నీరు మూతల వెనక ఉంది. ఆ మూత తీసే సందర్భం ఏడాదికొకసారి వస్తుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. ఒకప్పుడు వేసవిలో కాలువలు కట్టేసిన రోజులు లాంచీలకు బాగుచేతల కాలమైతే, ఇప్పుడు ఈ నిషేధం మరపడవలకు ఆ కాలం. ఆయిల్, ఫిల్టర్లు, దానితో పాటు కూలెంట్ మారుస్తారు. జూన్ 15న ఒక్కసారిగా పడవలన్నీ కదులుతాయి. కూలెంట్ మార్పు తర్వాత వేడెక్కే జబ్బు బయటపడడానికి అంతకంటే తగిన రోజు ఉండదు. నిన్నటిదాకా జెట్టీ దగ్గర నిమిషాల సేపు తిప్పి చూసిన ఇంజిన్ ఆ రోజే మొదటిసారి గంటల తరబడి నిండు భారం లాగుతుంది.

ఇలాంటప్పుడు ఎక్కువసార్లు దోషి గాలి. పాత కూలెంట్ వదిలేశాక ఇంజిన్ లోపలి గదులన్నీ గాలితో నిండుతాయి. కొత్తది గబగబా పోస్తే ఆ గాలి సిలిండర్ హెడ్ పైభాగంలోనో, థర్మోస్టాట్ కిందనో, ఎత్తుగా వంపు తిరిగిన గొట్టంలోనో ఇరుక్కుంటుంది. పైన తొట్టి నిండినట్టే కనిపిస్తుంది, లోపల సగం ఖాళీ. నీటి పంపు గాలిని తోయలేదు. ఫుట్‌వాల్వ్ వదిలేసిన పంపుసెట్టులో ముందు చెంబెడు నీళ్లు పోయకపోతే పంపు తిరుగుతుంది గానీ చుక్క రాదు, ఇక్కడా జరిగేది అదే. థర్మోస్టాట్ వేడినీరు తగిలితేనే తెరుచుకుంటుంది. దాని చుట్టూ గాలే ఉంటే ఇంజిన్ కాగిపోతున్నా అది మూసుకునే కూర్చోవచ్చు. ఇంకా ప్రమాదకరమైనది గేజి సంగతి. ఉష్ణోగ్రత కొలిచే మొన గాలి బుడగలో ఉంటే ముల్లు మామూలుగానే చూపిస్తుంది, హెడ్ మాత్రం వంగిపోయే స్థితికి వస్తుంది. ముల్లు ఒక్కసారిగా ఎగిరి పడుతూ లేస్తూ ఉంటే, గొట్టాల్లో ఒకటి కాలుతూ రెండోది చల్లగా ఉంటే, లోపల గాలి ఉందని నమ్మవచ్చు. మందు తేలికే. గాలి వదిలే మరలు తెరిచి పెట్టి నెమ్మదిగా పోయాలి, బుడగల్లేని ధార వచ్చాక బిగించాలి. మూత తీసి ఉంచి ఇంజిన్‌ను నిదానంగా థర్మోస్టాట్ తెరుచుకునేదాకా నడపాలి, మట్టం పడిపోతే మళ్లీ పోయాలి. చల్లారాక ఇంకోసారి చూడాలి. డీజిల్ లైనులో ఎయిర్ తీయడం తెలియని బోటు డ్రైవరు ఈ తీరంలో లేడు. నీటి లైనులోనూ ఎయిర్ తీయాలన్న అలవాటు అంతగా పాతుకోలేదు. మూసిన దారి తర్వాత వచ్చింది కాబట్టే ఈ తేడా అని నా అభిప్రాయం.

గాలి కాకపోతే తర్వాత చూడాల్సింది కూలెంట్ మార్చిన రోజు చెయ్యి పడ్డ మిగతా చోట్లు. పని చేసేటప్పుడు అడుగు రంధ్రపు వాల్వు కట్టి మళ్లీ తెరవడం మరిచారా? తెరవకపోతే ఉప్పునీటి పంపులోని రబ్బరు రెక్కలు నీరు లేకుండా తిరిగి కొద్దిసేపట్లోనే చిరుగుతాయి, ఆ ముక్కలు పోయి హీట్ ఎక్స్ఛేంజర్ గొట్టాల్లో చిక్కుకుంటాయి. కొత్త రెక్కలు వేసి ముక్కలు వెతకకుండా వదిలేస్తే జబ్బు సగమే తగ్గుతుంది. పాత కూలెంట్‌తో పాటు కదిలిన తుప్పు, బురద వెళ్లి సన్నని దారులను మూసి ఉండవచ్చు. రంగు చూసి రెండు రకాల కూలెంట్లు కలిపి ఉంటే అవి పొసగక చిక్కబడవచ్చు. మూత రబ్బరు పాడైతే పీడనం నిలవక నీరు తొందరగా మరుగుతుంది.

ఇక్కడ చాలామంది వేసే ప్రశ్న ఒకటి ఉంది. మన గోదావరిలో నీరు గడ్డ కట్టదు కదా, ఈ కూలెంట్ గొడవ ఎందుకు, శుభ్రమైన నీరు చాలదా అని. ప్రశ్నలో న్యాయముంది. వేడిని మోయడంలో మామూలు నీటిని మించింది లేదు. కూలెంట్‌లోని గ్లైకాల్ ఆ శక్తిని కొంత తగ్గిస్తుంది కూడా. నీరు కలపకుండా డబ్బాలోది డబ్బాలాగే పోస్తే ఇంజిన్ ఎక్కువ వేడెక్కడానికి అదే కారణం కావచ్చు. అయినా కూలెంట్ కావాలి. మరిగే స్థాయిని పెంచుతుంది, అంతకంటే ముఖ్యంగా ఇనుము, అల్యూమినియం, రాగి కలిసి ఉండే దారిలో తుప్పును ఆపుతుంది, సిలిండర్ స్లీవులు పిట్టగూళ్లలా గుంతలు పడకుండా కాస్తుంది. కోనసీమ తీరంలో బోరు నీరు చాలాచోట్ల ఉప్పగా ఉంటుంది. దాన్ని ఇంజిన్‌లో పోయడం అంటే ఆనకట్ట దిగువ కష్టాన్ని మూత పెట్టి లోపల దాచుకోవడం. డిస్టిల్డ్ వాటర్‌తో, తయారీదారు చెప్పిన పాళ్లలో కలపడం తప్ప దగ్గరిదారి లేదు.

ఇంకో అభ్యంతరం నేరుగా నా వాదనకే తగులుతుంది. పాత పద్ధతులను ఇంత మెచ్చుకుంటే, ఆ పద్ధతులే చేసిన నష్టం మాటేమిటి? నదినీటితో చల్లబరచిన ఇంజిన్లు లోపల కుళ్లిపోలేదా? థర్మోస్టాట్‌ను పీకి పారేసి ‘ఇక వేడెక్కదు’ అన్నది ఆ పాత చేతులే కదా? నిజమే. థర్మోస్టాట్ లేని ఇంజిన్ చాలినంత వెచ్చబడదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది, సిలిండర్ తొందరగా అరుగుతుంది. కొన్ని ఇంజిన్లలో దాన్ని తీసేస్తే నీరు దగ్గరిదారిన తిరిగిపోయి వేడి ఇంకా పెరుగుతుంది. ఆ అలవాటును సమర్థించలేం. ఎర్రనీటిని తిన్నగా ఇంజిన్‌లో తిప్పే రోజులు తిరిగి రావాలని కూడా కోరను. నేను నిలబెట్టాలనుకునేది పరికరాలను కాదు, చూసే వరసను. థర్మోస్టాట్ పీకడం ఆ వరసను వదిలేయడమే: నీరు ఎక్కడ ఆగిందో వెతకకుండా అడ్డంగా కనిపించిన భాగాన్ని తీసేయడం.

చివరిగా, వేడెక్కడానికి నీటితో సంబంధం లేని కారణాలూ ఉన్నాయనవచ్చు. హెడ్ గాస్కెట్ పోయి మంట వాయువు నీటిలోకి రావచ్చు, పంకాకు వల చుట్టుకుని భారం పెరగవచ్చు, ఇంజెక్షన్ సమయం తప్పవచ్చు. ఇవన్నీ జరిగేవే. అయితే నిన్న బాగా నడిచిన ఇంజిన్ కూలెంట్ మార్చాక వేడెక్కితే, మారింది నీరే. గాలి తీసి, మట్టం నింపి, ఉప్పునీటి దారి తేల్చుకున్నాక కూడా తొట్టిలో బుడగలు ఆగకుండా వస్తుంటే అప్పుడు గాస్కెట్ గురించి ఆలోచించాలి. ఈ క్రమాన్ని తలకిందులు చేసి ముందే హెడ్ విప్పినప్పుడు ఖర్చు, వేట పోగొట్టుకున్న రోజులు రెండూ బోటు యజమాని మీదా కళాసీల మీదా పడతాయి.

ధవళేశ్వరం నుంచి కుంభాభిషేకం రేవు దాకా చేతుల మీదుగా వచ్చిన ఈ విద్య ఎక్కడా పాఠంగా రాసి లేకపోతే అది ఆ చేతులతోనే పోతుంది. కాకినాడలోని రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ, డెల్టాలోని ఐటీఐలు రేవు మెకానిక్కులను కూర్చోబెట్టి వాళ్లు చూసే వరసను తెలుగులో రాయించాలి. బోటు యజమానులు కూలెంట్ మార్పును జూన్ 13కు నెట్టకుండా నిషేధం మధ్యలోనే ముగించాలి. జెట్టీకి కట్టి భారం మీద గంటైనా నడిపి, పూర్తిగా చల్లారాక మూత తీసి మట్టం చూసుకుని, ఆ తర్వాతే పడవను సముద్రంలోకి పంపండి.